కోనసీమలో ఉన్నత విద్య ఉపకార వేతనాలు: పంపిణీ, సంస్కరణలు

పదో తరగతి దాటిన పేద విద్యార్థి చదువు ఆగిపోకుండా ప్రభుత్వం ఇచ్చే సొమ్ము ఉపకార వేతనం. జనం నోట అది స్కాలర్‌షిప్. ఆంధ్రప్రదేశ్‌లో ఇది రెండు పాయలుగా వస్తుంది. కాలేజీకి కట్టాల్సిన బోధన రుసుమును ప్రభుత్వమే భరించడం ఒకటి. దీన్ని అందరూ ఫీజు రీయింబర్స్‌మెంట్ అంటారు, ఫైళ్లలో ఆర్.టి.ఎఫ్. అని రాస్తారు. తిండి, బస, పుస్తకాల ఖర్చుకు విద్యార్థికిచ్చేది రెండోది, ఎం.టి.ఎఫ్. డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాలో అమలాపురం, రాజోలు, కొత్తపేట, పి.గన్నవరం, ముమ్మిడివరం చుట్టుపక్కల కొబ్బరి కూలీ, కౌలు రైతు, మత్స్యకారుడు, మగ్గం నేసేవాడు తన బిడ్డను డిగ్రీకో ఇంజినీరింగ్‌కో పంపే ధైర్యం ఎక్కువగా ఈ సొమ్ము మీదే ఆధారపడి ఉంది.

2008 నుంచి ఈ పథకంలో వచ్చిన మార్పులు చాలావరకు సొమ్ము ఎవరి ఖాతాలో పడాలన్న ప్రశ్న చుట్టూనే తిరిగాయి. కాలేజీ ఖాతా, తల్లి ఖాతా, తల్లీబిడ్డల ఉమ్మడి ఖాతా, మళ్లీ కాలేజీ ఖాతా: ఇదీ వరస. సొమ్ము ఏ తేదీకి పడాలన్న ప్రశ్నకు ఇచ్చిన జవాబులు మాత్రం ఏవీ నిలబడలేదు. విద్యార్థికి నిజంగా తగిలే దెబ్బ ఈ రెండో చోటనే ఉంది.

పూర్వరంగం

కోనసీమ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో అణగారిన కులాల పిల్లల చదువు బాధ్యత 1920 ప్రాంతంలో లేబర్ కమిషనర్‌కు అప్పగించారు. బడులు, హాస్టళ్లు, ఫీజు రాయితీలు, కొద్దిమందికి ఉపకార వేతనాలు ఆ శాఖ ద్వారా వచ్చేవి. కాలేజీ చదువుకు దేశవ్యాప్తంగా ఒక పథకం ఉండాలని అడిగి సాధించింది అంబేడ్కరే. వైస్రాయ్ కార్యనిర్వాహక మండలి సభ్యుడిగా 1942లో వైస్రాయ్ లిన్‌లిత్‌గోకు ఇచ్చిన వినతిపత్రంలో షెడ్యూల్డు కులాల ఉన్నత విద్యకు, అందులోనూ సైన్సు, సాంకేతిక చదువులకు కేంద్రం డబ్బు పెట్టి తీరాలని ఆయన పట్టుబట్టారు. ఏటా 3 లక్షల రూపాయలు మంజూరయ్యాయి. 1944లో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. కొన్నేళ్లకే గిరిజన విద్యార్థులనూ అందులో చేర్చారు.

2022 ఏప్రిల్ 4న తూర్పు గోదావరి నుంచి వేరుపడిన కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టే విషయమై మే 24న అమలాపురంలో అల్లర్లు చెలరేగాయి. ఒక మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. అంబేడ్కర్ తెరిపించిన దారిలోనే తర్వాతి కాలంలో వెనుకబడిన తరగతులు, అగ్రకుల పేదల పిల్లలకూ ఫీజులు వచ్చాయన్న సంగతి ఆ రోజుల్లో గట్టిగా చెప్పాల్సింది. చెప్పినవారు తక్కువ.

వెనుకబడిన తరగతులకు ఈ దారి 1970లో విశాలమైంది. అనంతరామన్ కమిషన్ నివేదిక తర్వాత ఆ ఏడాది సెప్టెంబరులో ఇచ్చిన ఉత్తర్వు బీసీలను ఏ, బీ, సీ, డీ అని నాలుగు వర్గాలుగా విడదీసింది. తీరం వెంట చేపల వేట మీద బతికే అగ్నికుల క్షత్రియులు బీసీ-ఏలోకి, కోనసీమ గ్రామాల్లో పెద్ద సంఖ్యలో ఉన్న శెట్టిబలిజలు బీసీ-బీలోకి వచ్చారు. క్రైస్తవం స్వీకరించిన ఎస్సీలకు బీసీ-సీ అనే వర్గం ఏర్పడింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం వీరికి ఎస్సీ హోదా ఉండదు. చట్టంతో ముడిపడని ఆర్థిక రాయితీలను వీరికీ వర్తింపజేస్తూ రాష్ట్ర ప్రభుత్వం 1977లో ఉత్తర్వు ఇచ్చింది. పేటల్లో గుడీ, చర్చీ పక్కపక్కనే ఉండే కోనసీమలో ఇది చిన్న విషయం కాదు. ఒకే వీధిలో, ఒకే పేదరికంలో పెరిగిన ఇద్దరు పిల్లల్లో ఒకరికి ఢిల్లీ వాటా వస్తుంది. మరొకరి ఫీజు ప్రధానంగా రాష్ట్ర ఖజానా మీద ఆధారపడుతుంది.

కాలేజీలు, నదులు

తూర్పున గౌతమి, పడమట వశిష్ఠ, నడుమ వైనతేయ, దక్షిణాన సముద్రం. ఈ ఎల్లల మధ్య ఉన్న కోనసీమకు కాలేజీ చదువు ఆలస్యంగా చేరింది. అమలాపురంలో శ్రీ కోనసీమ భానోజీ రామర్స్ కళాశాల, అంటే అందరూ పిలిచే ఎస్.కె.బి.ఆర్., 1951లో మొదలయ్యేదాకా డిగ్రీ చదవాలంటే రేవు దాటి కాకినాడకో రాజమండ్రికో పోవాల్సిందే. తర్వాతి దశాబ్దాల్లో రాజోలు, కొత్తపేట వంటి చోట్ల ప్రభుత్వ డిగ్రీ కాలేజీలు, ఓడలరేవు, అమలాపురం పరిసరాల్లో ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలు, అమలాపురంలో కిమ్స్ వైద్య కళాశాల వచ్చాయి.

విశ్వవిద్యాలయాలు మాత్రం బయటే ఉన్నాయి. ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం (2006) రాజమహేంద్రవరంలో, జె.ఎన్.టి.యు. (2008) కాకినాడలో ఉన్నాయి. అమలాపురానికి రైలు నేటికీ రాలేదు. రాజోలు, సఖినేటిపల్లి వైపు పిల్లలు పంటు ఎక్కి నరసాపురానికో, చించినాడ వంతెన దాటి భీమవరం వైపో పోతారు. కొత్తపేట, రావులపాలెం వైపు పిల్లలకు రాజమహేంద్రవరం దగ్గర. అంటే కోనసీమ విద్యార్థికి ఫీజు ఎంత అవసరమో, బస ఖర్చుకిచ్చే సొమ్ము కూడా దాదాపు అంతే అవసరం. పథకాన్ని రాజధాని నుంచి చూసేవారు ఈ రెండో దాన్ని తోకగా భావిస్తూ వచ్చారు. ఫీజు బకాయి పడితే కాలేజీల యాజమాన్యాలు గొంతెత్తుతాయి, వార్త అవుతుంది. మెస్ బిల్లు బకాయి పడితే విద్యార్థి ఒక పూట మానేస్తాడు, అంతే.

ఈ సొమ్మును చూసే కార్యాలయాలూ 2022 దాకా నది అవతలే ఉండేవి. జిల్లా కేంద్రం కాకినాడ. సాంఘిక సంక్షేమం, బీసీ సంక్షేమం, మైనారిటీ సంక్షేమం, వికలాంగుల సంక్షేమం, ఇలా కులాన్ని బట్టి, స్థితిని బట్టి ఒక్కో విద్యార్థికి ఒక్కో గుమ్మం. యానాం–ఎదుర్లంక మధ్య బాలయోగి పేరిట వంతెన వచ్చాక ప్రయాణం తగ్గింది గానీ, ఒక దస్తావేజులో తండ్రి పేరు తప్పుపడితే దాన్ని సరిచేయించడానికి ఒక రోజు కూలి పోయేది. కొత్త జిల్లాతో ఆ కార్యాలయాలు అమలాపురానికి వచ్చాయి. తర్వాత కొత్తపేట కేంద్రంగా రెవెన్యూ డివిజన్ కూడా ఏర్పడింది. ఉపకార వేతనాల పరిపాలనలో విద్యార్థికి నేరుగా మేలు చేసిన మార్పుల్లో దీన్నీ లెక్కించాలి, అది ఆ ఉద్దేశంతో జరగకపోయినా.

2008: అందరికీ ఫీజు

2008 ముందు బీసీల ఉపకార వేతనాలకు కోటా ఉన్నట్టే లెక్క. బడ్జెట్ ఎంత ఉంటే అంతమందికే. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఆదాయ పరిమితికి లోబడిన ప్రతి బీసీ విద్యార్థికీ పూర్తి ఫీజు ఇస్తామని ప్రకటించి, 2008-09 విద్యా సంవత్సరం నుంచి అమలుకు దిగింది. వెంటనే ఈబీసీలనూ, అంటే అగ్రకుల పేదలనూ చేర్చింది. ఎస్సీ, ఎస్టీలకు ముందు నుంచీ ఉన్న హక్కు అలాగే కొనసాగింది. అర్హత ఉంటే చాలు, సొమ్ము దానంతట అదే రావాలన్న సూత్రం పరిపాలనలో పెద్ద మలుపు. దాన్ని మోయడానికి సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ ఈ-పాస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థను తయారు చేసింది. అంతకుముందు కాగితం దరఖాస్తు కాలేజీ నుంచి జిల్లా కార్యాలయానికి, అక్కడి నుంచి ట్రెజరీకి మూటలుగా వెళ్లేది. ఈ-పాస్‌తో విద్యార్థి తన దరఖాస్తు ఎక్కడ ఆగిందో ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని చూసుకోగలిగాడు. ఇప్పుడు మామూలుగా అనిపించే ఈ సౌకర్యం ఆనాడు ఎంతమందికి ఊరటనిచ్చిందో ఆ తరం వారికి బాగా తెలుసు.

ఫలితం రెండు రకాలుగా కనిపించింది. ఇంటిలో మొదటి ఇంజినీరు, మొదటి ఎం.బి.ఎ. అయిన పిల్లలు వేలల్లో తయారయ్యారు. అదే సమయంలో ఫీజు ఖాయంగా వస్తుందన్న భరోసాతో ప్రైవేటు కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీల సంఖ్య సుమారు ఏడు వందలకు చేరింది. ఖర్చు పెరిగేసరికి 2012లో పరిమితి వచ్చింది. బీసీ, ఈబీసీ విద్యార్థులకు ఎంసెట్‌లో 10,000 లోపు ర్యాంకు వస్తేనే పూర్తి ఫీజు, లేకపోతే 35,000 రూపాయలు. ఆ పైన మిగిలేది తండ్రి జేబు నుంచే. 2011 ఖరీఫ్‌లో గిట్టుబాటు కాక పంట విరామం ప్రకటించిన రైతులున్న ప్రాంతం కోనసీమ. ఆ మరుసటి ఏడాదే ఫీజు తేడా కట్టమని చెబితే, ఆ భారం ఎవరి మీద పడిందో వేరే వివరించనక్కర్లేదు.

2014లో రాష్ట్రం విడిపోయింది. హైదరాబాద్‌లో చదువుతున్న కోనసీమ పిల్లలు ఏ ప్రభుత్వం బాధ్యతో తేలక నలిగారు. తెలంగాణ ప్రభుత్వం 1956 నాటికి స్థానికత ఉన్న కుటుంబాల పిల్లలకే ఇస్తామంటూ ఫాస్ట్ అనే పథకం ప్రకటించింది. న్యాయస్థానంలో ప్రశ్నలు ఎదురయ్యాక 2015లో దాన్ని వెనక్కి తీసుకుంది. ఆంధ్రప్రదేశ్ ఈ-పాస్ నుంచి విడిపోయి జ్ఞానభూమి అనే సొంత పోర్టల్ పెట్టుకుంది. ఆ సంధికాలంలో ఫీజు రాక సర్టిఫికెట్లు కాలేజీ బీరువాల్లో ఉండిపోయి ఉద్యోగాలు పోగొట్టుకున్న పిల్లల కథలు ప్రతి మండలంలోనూ వినిపించేవి.

ఎవరి ఖాతా?

2020లో జగన్‌మోహన్‌రెడ్డి ప్రభుత్వం ఈ రెండు పాయలకూ కొత్త పేర్లు పెట్టింది: ఫీజుకు జగనన్న విద్యా దీవెన, బస ఖర్చుకు జగనన్న వసతి దీవెన. వసతి దీవెన కింద ఏటా ఐటీఐ విద్యార్థికి 10,000, పాలిటెక్నిక్‌కు 15,000, డిగ్రీ ఆపైన 20,000 రూపాయలు రెండు విడతల్లో ఇస్తామన్నారు. పాత ఎం.టి.ఎఫ్. రేట్లతో పోలిస్తే ఇది మంచి పెంపు. ర్యాంకు లెక్క, 35,000 పరిమితి తీసేసి పూర్తి ఫీజు ఇస్తామన్నది మరో హామీ. ఆదాయ పరిమితిని రెండున్నర లక్షలకు పెంచారు. మాగాణి అయితే పదెకరాల లోపు, మెట్ట అయితే పాతికెకరాల లోపు ఉన్న కుటుంబాలకూ అర్హత ఇచ్చారు.

అసలు మార్పు 2021 ఏప్రిల్‌లో వచ్చింది. ఫీజును మూడు నెలలకోసారి తల్లి ఖాతాలో వేస్తామన్నారు, ఆమె కాలేజీకి వెళ్లి కట్టాలన్నారు. తల్లి చేతికి డబ్బు ఇస్తే కాలేజీలో పాఠాలు సరిగా చెబుతున్నారా లేదా అని ఆమె నిలదీస్తుందన్నది ప్రభుత్వ వాదన. ఆ వాదనలో బలం లేదని అనలేం. అంతకుముందు కాలేజీకీ ప్రభుత్వానికీ మధ్య నడిచే లెక్కలో విద్యార్థి కుటుంబం ఎక్కడా ఉండేది కాదు. తన పిల్లవాడి చదువుకు ప్రభుత్వం ఎంత కడుతోందో చాలా ఇళ్లకు మొదటిసారి తెలిసింది అప్పుడే.

అయితే ఈ ఏర్పాటు కోనసీమ దగ్గరికి వచ్చేసరికి ఒక గట్టి రాయికి తగిలింది. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు, పి.గన్నవరం మండలాల నుంచి ఎందరో తల్లులు ఇంటిపనికి కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్లి ఏళ్లకేళ్లు అక్కడే ఉంటారు. బిడ్డ చదువు కోసమే వెళ్లిన తల్లి బిడ్డ చదువు పథకానికి వేలిముద్ర వేయడానికి ఇక్కడ ఉండదు. తల్లి లేకపోతే సంరక్షకుల ఖాతాకు వీలుండేది గానీ, దానికి మళ్లీ గ్రామ సచివాలయం చుట్టూ తిరగాల్సి వచ్చేది. మరోవైపు అప్పుల్లో ఉన్న ఇంట ఖాతాలో పడ్డ డబ్బు మందులకో, పాత వడ్డీకో పోయేది. కాలేజీ మాత్రం విద్యార్థినే నిలబెట్టి అడిగేది.

ప్రైవేటు కాలేజీలు హైకోర్టుకు వెళ్లాయి. 2021 సెప్టెంబరులో సింగిల్ జడ్జి తల్లుల ఖాతాలో ఫీజు వేసే నిబంధనను కొట్టివేశారు. అయినా ఆచరణలో ఆ పద్ధతి చాలాకాలం కొనసాగింది. 2023 చివరిలో తల్లి, విద్యార్థి పేర్లతో ఉమ్మడి ఖాతా తెరవమన్నారు. బ్యాంకుల ముందు మళ్లీ వరసలు కట్టారు. 2024లో కూటమి ప్రభుత్వం వచ్చి దీవెన పేర్లు తీసేసి, పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ అనే పాత పేరుకు వెళ్లింది, ఫీజును నేరుగా కాలేజీ ఖాతాకే పంపాలని నిర్ణయించింది. నాలుగేళ్లలో మూడు పద్ధతులు మారాయి. మొదటి సంవత్సరంలో తల్లి ఖాతా ఇచ్చిన విద్యార్థి చివరి సంవత్సరంలో ఏ ఖాతాకు ఏ విడత పడిందో లెక్క చూసుకోలేని స్థితికి వచ్చాడు. పాత విడతలు తల్లి కట్టాలా, ప్రభుత్వం కట్టాలా అన్న వివాదం తేలే వరకు చాలాచోట్ల అతని ధ్రువపత్రాలు కదల్లేదు.

కేంద్రం అరవై, రాష్ట్రం నలభై

ఎస్సీ విద్యార్థుల విషయంలో దీనికి ఇంకో పొర ఉంది. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ కేంద్ర పథకమే అయినా, పాత సూత్రం ప్రకారం ఒక ప్రణాళికా కాలం చివర రాష్ట్రం ఎంత ఖర్చు చేసిందో అంత భారం తర్వాతి కాలమంతా ఆ రాష్ట్రానిదే. అంతకు మించిన ఖర్చే కేంద్రం ఇచ్చేది. కాలం గడిచేకొద్దీ కేంద్రం వాటా కరిగి దేశం మొత్తం మీద పది శాతం దగ్గరికి వచ్చింది. 2020 డిసెంబరు 23న కేంద్ర మంత్రివర్గం ఈ లెక్క మార్చింది. అయిదేళ్లకు 59,048 కోట్ల రూపాయలు, అందులో 60 శాతం, అంటే 35,534 కోట్లు కేంద్రానివి. మిగిలిన 40 శాతం రాష్ట్రాలది.

అందరూ మెచ్చుకోవాల్సిన పెంపు ఇది. కానీ దాని వెంట ఒక షరతు కూడా వచ్చింది. రాష్ట్రం తన 40 శాతం ముందు విడుదల చేయాలి, ఆ తర్వాతే కేంద్రం తన 60 శాతాన్ని ఆధార్‌కు ముడిపడిన విద్యార్థి ఖాతాలో నేరుగా వేస్తుంది. కాలేజీకి చెందిన ఫీజును అక్కడి నుంచి విద్యార్థి కట్టాలి. బస, పుస్తకాల భత్యాలనూ సవరించారు. ఇంజినీరింగ్, వైద్యం వంటి మొదటి వర్గం కోర్సుల్లో హాస్టల్ విద్యార్థికి ఏడాదికి 13,500, ఇంటి నుంచి వచ్చేవారికి 7,000 రూపాయలు. ఇంటర్, ఐటీఐ వంటి చివరి వర్గానికి 4,000, 2,500.

రాష్ట్రం తల్లి ఖాతా అంటున్నప్పుడు కేంద్రం విద్యార్థి ఖాతా అంది. 2023 ఉమ్మడి ఖాతా ఉత్తర్వులో ఎస్సీ విద్యార్థులకు మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది ఇందుకే. ఇప్పుడు రాష్ట్రం కాలేజీ ఖాతా అంటోంది, కేంద్రం వాటా మాత్రం విద్యార్థి ఖాతాకే వస్తుంది. ఒకే ఫీజు, రెండు దారులు, రెండు తేదీలు. రాష్ట్రం వాటా ఆలస్యమైతే కేంద్రం వాటా దానంతట అదే ఆగుతుంది. అంటే ఒక ప్రభుత్వ జాప్యం మరో ప్రభుత్వ జాప్యంగా మారుతుంది, కారణం అడిగే విద్యార్థికి ఇద్దరూ ఒకరినొకరు చూపిస్తారు. ఇక బ్యాంకులో ఆధార్ అనుసంధానం ఉందా, ప్రభుత్వ సొమ్ము ఏ ఖాతాకు పోవాలో తేల్చే ఎన్.పి.సి.ఐ. లింకు దేనికి ఉందన్న గొడవ వేరు. చిన్నప్పుడు బడిలో తెరిపించిన ఖాతాకు లింకు ఉండిపోయి, ఆ ఖాతా వాడకం లేక మూతపడి ఉంటే, సొమ్ము వచ్చినట్టే వచ్చి వెనక్కి పోతుంది. గ్రామ సచివాలయంలోని సంక్షేమ, విద్యా సహాయకులు ఈ చిక్కులు విప్పడంలో ఎంతో శ్రమపడుతున్నారు. వారి చేతిలో లేనిది విడుదల తేదీ ఒక్కటే.

బిల్లు ప్రయాణం

దరఖాస్తు జ్ఞానభూమిలో నమోదవుతుంది. కాలేజీ పరిశీలిస్తుంది. విద్యార్థి వేలిముద్ర వేస్తాడు. సచివాలయంలో ఇంటి వివరాలు సరిచూస్తారు: ఆదాయం, భూమి, ప్రభుత్వోద్యోగం, ఆదాయపు పన్ను, నాలుగు చక్రాల వాహనం. జిల్లా సంక్షేమ శాఖ మంజూరు చేస్తుంది. ఆపైన బిల్లు సి.ఎఫ్.ఎం.ఎస్. అనే ఆర్థిక వ్యవస్థలోకి ఎక్కుతుంది. ఇంతవరకు ప్రతి మెట్టుకూ ఒక గడువు ఉంటుంది, అది తప్పితే శిక్ష విద్యార్థికే. హాజరు 75 శాతం తగ్గితే అనర్హుడు, గడువులోగా రెన్యూవల్ చేయకపోతే అనర్హుడు. బిల్లు ఆర్థిక శాఖ దగ్గరికి చేరాక మాత్రం విద్యార్థి చూపించి అడగగలిగే గడువేదీ లేదు. తప్పిన వారికి శిక్ష లేదు. ఈ అసమానతే ఉపకార వేతనాల పరిపాలనలోని అసలు లోపం.

కాలేజీ క్యాలెండర్ జూన్‌లో మొదలవుతుంది. ఖజానా క్యాలెండర్ మార్చితో ముగుస్తుంది. విద్యా సంవత్సరం ఒక ఆర్థిక సంవత్సరంలో పుట్టి మరో దానిలో పూర్తవుతుంది కాబట్టి బకాయి అన్నది ఈ ఏర్పాటులోనే ఉంది. ప్రభుత్వం మారినప్పుడల్లా పాత ప్రభుత్వం వేల కోట్లు బకాయి పెట్టి పోయిందన్న ప్రకటన వినిపిస్తుంది. 2014లో విన్నాం, 2019లో విన్నాం, 2024లోనూ విన్నాం. ఎవరి మాట ఎంత నిజమో తేల్చే పట్టిక, అంటే కాలేజీ వారీగా, విడత వారీగా ఎంత రావాలి, ఎంత వచ్చింది, ఏ తేదీన వచ్చింది అన్నది ఎవరైనా చూసుకునేలా జిల్లా స్థాయిలో పెడితే ఆ వాదన ఒక్క రోజులో తేలుతుంది. ఇందుకు కొత్త పోర్టల్ అక్కర్లేదు. వివరాలన్నీ ఉన్నదానిలోనే ఉన్నాయి.

ఆలస్యానికి పరిహారం అన్న ఆలోచన మన పరిపాలనకు కొత్త కాదు. ఉపాధి హామీ చట్టం కింద కూలి పదిహేను రోజుల్లో ఇవ్వకపోతే రోజుకు 0.05 శాతం చొప్పున పరిహారం ఇవ్వాలని నియమాల్లో రాశారు. అమలు సరిగా జరగకపోయినా, ఆలస్యం తప్పేనని చట్టం ఒప్పుకుంది. మట్టిపని చేసే తల్లికి కాగితం మీదైనా దక్కిన ఆ మర్యాద ఇంజినీరింగ్ చదివే ఆమె బిడ్డకు దక్కలేదు. అలాగే అసలు సర్టిఫికెట్లను కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని యు.జి.సి. 2018 అక్టోబరులో స్పష్టంగా చెప్పింది. ప్రభుత్వం బకాయి ఉన్నంతకాలం విద్యార్థి హాల్ టికెట్, టి.సి. ఆపరాదని, ఆపితే ఫలానా అధికారికి చెప్పాలని, ఆ అధికారి ఇన్ని రోజుల్లో ఇప్పించాలని జిల్లా స్థాయిలో కట్టుదిట్టం చేయడం ఇప్పుడున్న అధికారాలతోనే సాధ్యం. ఖజానాలో డబ్బు లేని రోజున కూడా చేయగల సంస్కరణ ఇది.

అర్హత పరిశీలనలో కోనసీమకు ప్రత్యేకమైన చిక్కులు ఉన్నాయి. అన్నదమ్ములు వేరుపడినా రేషన్ కార్డు, ఇంటి వివరాల నమోదు ఉమ్మడిగానే ఉండిపోతే, పెదనాన్న ఉద్యోగం, తాతగారి కొబ్బరి తోట పిల్లవాడికి అడ్డమవుతాయి. మరో చిక్కు వరద. పి.గన్నవరం మండలంలో ఊడిమూడి లంక, జి.పెదపూడి లంక, అరిగెలవారిపేట, బూరుగులంక ప్రజలకు వరద రోజుల్లో పడవే దిక్కు. జూలై, ఆగస్టుల్లో గోదావరి పొంగినప్పుడు, 2020లోనూ 2022లోనూ జరిగినట్టు, లంకల్లో రోజుల తరబడి నీళ్లు నిలుస్తాయి. ప్రవేశాలు, ధ్రువీకరణలు జరిగేదీ ఆ నెలల్లోనే. వరద రోజుల హాజరుకు దానంతట అదే మినహాయింపు వచ్చే ఏర్పాటు పథకంలోనే ఉండాలి, విద్యార్థి అర్జీ పెట్టుకుంటే దయతలచి ఇచ్చేదిగా కాదు. కుల, ఆదాయ ధ్రువపత్రాలను 2025 జనవరిలో మొదలైన ‘మన మిత్ర’ వాట్సాప్ సేవల్లో చేర్చడం ఈ లంకవాసులకు నిజంగా పనికొచ్చే మార్పు.

ఇతర ప్రాంతాల అనుభవం

బకాయిల బాధ పక్క రాష్ట్రంలోనూ ఇలాగే ఉంది. తెలంగాణలో 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు ఫీజు బకాయిల కోసం తలుపులు మూశాయి, చర్చలు జరిగి కొంత సొమ్ము ఇస్తామన్నాక తెరిచాయి. ఫీజుల కోసం ప్రత్యేక నిధి ఏర్పాటు చేయాలన్న ప్రతిపాదన అక్కడ ముందుకు వచ్చింది.

ఇతర దేశాల అనుభవం చూస్తే పంపిణీ యంత్రాంగాన్ని హడావిడిగా మార్చినప్పుడల్లా పేద విద్యార్థే మొదట దెబ్బతిన్నాడు. ఇంగ్లండ్‌లో స్థానిక ప్రభుత్వాలు చూసుకునే దరఖాస్తులను 2009లో స్టూడెంట్ లోన్స్ కంపెనీ అనే ఒకే సంస్థకు అప్పగిస్తే, ఆ శరదృతువులో కాలేజీలు తెరిచే నాటికి వేలాదిమందికి డబ్బు అందలేదు. ప్రభుత్వం హాప్‌కిన్ అనే విద్యావేత్త నేతృత్వంలో విచారణ జరిపించాల్సి వచ్చింది. దక్షిణాఫ్రికాలో ఎన్.ఎస్.ఎఫ్.ఎ.ఎస్. అనే సంస్థ విశ్వవిద్యాలయాలను పక్కనపెట్టి 2023లో ప్రైవేటు ఆర్థిక సాంకేతిక కంపెనీల ద్వారా విద్యార్థులకే నేరుగా భత్యాలు పంపింది. గొడవలు చెలరేగి ఆ ఏడాది అక్టోబరులో దాని అధిపతిని తొలగించారు, 2024 ఏప్రిల్‌లో పాలకమండలినే రద్దు చేశారు. అమెరికాలో పేద విద్యార్థుల గ్రాంటు దరఖాస్తును సులభం చేయాలని 2020 డిసెంబరులో చట్టం చేశారు. అక్టోబరులో తెరవాల్సిన కొత్త దరఖాస్తు 2023 డిసెంబరు చివర గానీ తెరుచుకోలేదు. వివరాలు కాలేజీలకు చేరేసరికి 2024 మార్చి అయింది. ఆ మూడు చోట్లా ఉద్దేశం మంచిదే. పాత దారిని కొత్తది గట్టిపడేదాకా తెరిచి ఉంచకపోవడమే చెరుపు చేసింది. నాలుగేళ్లలో మూడు ఖాతాలు మార్చిన ఆంధ్రప్రదేశ్‌కు ఇందులో తన అనుభవమే కనిపిస్తుంది.

పీజీ చదువు, 77వ ఉత్తర్వు

2020 డిసెంబరులో వచ్చిన 77వ నంబరు ఉత్తర్వు ప్రైవేటు కాలేజీల్లో చేరే పోస్టు గ్రాడ్యుయేట్ విద్యార్థులను ఫీజు పథకం నుంచి తప్పించింది. విశ్వవిద్యాలయాల్లో, ప్రభుత్వ కాలేజీల్లో చదివేవారికే ఇస్తామంది. ప్రమాణాలు లేని పీజీ కాలేజీలకు ప్రజాధనం పోకూడదన్నది దీని వెనుక చెప్పిన మాట. ఆ అనుమానం కొన్ని కాలేజీల విషయంలో సరైనదే కావచ్చు. దానికి చేయాల్సింది కాలేజీల గుర్తింపు తనిఖీ. అది చేయకుండా విద్యార్థులందరినీ ఒక గీత గీసి బయట పెట్టారు. విశ్వవిద్యాలయం ఉన్న ఊరిలో పుట్టిన పిల్లకు దీనివల్ల పెద్ద నష్టం లేదు. కోనసీమలో విశ్వవిద్యాలయం లేదు. ఎం.ఎస్సీ. చదవాలనుకునే రాజోలు, కొత్తపేట అమ్మాయికి బస్సులో వెళ్లి సాయంత్రానికి ఇంటికి రాగల పీజీ సీటు తరచూ ప్రైవేటు కాలేజీలోనే దొరుకుతుంది. రాజమహేంద్రవరం, కాకినాడ, విశాఖల్లో సీటు వచ్చినా హాస్టల్ ఖర్చు, పంపడానికి ఇంట్లో ఒప్పుకోవడం రెండూ కుదరాలి. విద్యార్థి సంఘాలు ఈ ఉత్తర్వు రద్దు కోసం ఏళ్ల తరబడి రోడ్డెక్కాయి. రద్దు చేస్తామని తెలుగుదేశం నాయకుడు నారా లోకేశ్ యువగళం పాదయాత్రలో మాట ఇచ్చారు. ఈ ఉత్తర్వు వచ్చాక కోనసీమ డిగ్రీ కాలేజీల నుంచి బయటికి వచ్చిన ప్రతి ఏటి విద్యార్థినుల్లో ఎందరు పీజీలో చేరారు, ఎందరు ఆగిపోయారన్న వివరం జ్ఞానభూమి నమోదుల నుంచే తీయవచ్చు. జిల్లా యంత్రాంగం ఆ లెక్క తీసి ప్రజల ముందు పెట్టాలి.